తరాజు పళ్లెం చప్పుడు

ఒకరోజు ఉదయం పదకొండుంబావుకు మా అక్క తరాజు పళ్లెం మీద అరకిలో రాయితో మూడుసార్లు కొట్టింది. మా సందులో అది కొత్త విషయం కాదు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి సందులోకి తిరిగే మూల మీద అక్క జామపండ్ల బండి ఉండేది. రోడ్డు మీది బండ్లను ఎత్తుకుపోయే మున్సిపాలిటీ వ్యాను ముందుగా ఆమెకే కనిపించేది. ఆమె కొట్టగానే బండ్లన్నీ వెనక గల్లీలోకి పరుగెత్తేవి, వ్యాను పోయాక తిరిగి వచ్చేవి. వాళ్లకు దొరికిన బండిని విడిపించుకోవాలంటే ఎల్‌బీ నగర్‌లోని సర్కిల్ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఈలోగా పండ్లు కుళ్లిపోయేవి.

"నువ్వు కొట్టినప్పుడల్లా నా నూనె సగం రోడ్డు పాలైతుంది వదినా. జర ముందుగాల చెప్పరాదు?" అని మిర్చి బజ్జీల బండి అతను అనేవాడు.

"గా వ్యాను నాకు ఫోన్ చేసి ఒస్తదా?" అనేది అక్క.

నేను ఆ మూలకు ఎదురుగా, పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మే దుకాణంలో పనిచేస్తాను. మా యజమాని ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. వ్యాను దిగినవాళ్లు అడిగితే ఆయన పేపరు మీది నుంచి తల ఎత్తకుండా, "ఇక్కడ బండ్లెవరూ పెట్టరండీ" అనేవాడు. సాయంత్రం అక్క ఆయన బల్ల మీద ఒక దోర జామకాయ పెట్టి వెళ్లేది. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ రోజూ ఆయన అదే మాట అన్నాడు. కానీ వచ్చినవాళ్లలో బండ్లు ఎత్తే కూలీలు లేరు. ఒకాయన చేతిలో ట్యాబ్ ఉంది. ఖాళీ రోడ్డును ఫొటో తీసుకుని వెనక్కి తిరిగాడు. ఏ పని మీద వచ్చారని అడిగాను.

"సర్వే. బండి ఏడ పెడుతుండ్రో ఆడనే ఫొటో తీసి కార్డు ఇస్తం. జాగా పక్కా అయితది, ఇగ ఎవ్వరు లేపరు. మీ సందుల ఎవ్వరు లేరు గదా."

"ఉన్నారు సార్. వెనక గల్లీలో ఉన్నారు."

"ఇప్పుడే మీ సేటు లేరన్నడు. ఎవరి మాట నమ్మాలె?" అని నవ్వి వ్యాను ఎక్కాడు. నేను గల్లీలోకి పరుగెత్తి అందరినీ పిలుచుకొచ్చేసరికి వ్యాను మెట్రో స్తంభాల మధ్య ట్రాఫిక్‌లో కలిసిపోయింది.

అక్క బండిని మళ్లీ మూలకు తోసుకొచ్చి ఆపింది. మా యజమాని బయటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"నేను మంచికే చెప్పానమ్మా."

"ఎరుకే సార్. నేను గూడ మంచికే కొట్టిన."

మర్నాడు నేనూ అక్కా సర్కిల్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమస్తా మర్యాదగానే మాట్లాడాడు. సర్వే వాళ్లు మళ్లీ వస్తారని, ఏ రోజని తాను చెప్పలేనని అన్నాడు. మనిషి, బండి రెండూ జాగాలో కనిపించాలని, లేకుంటే ఆ జాగాలో ఎవరూ లేనట్టే లెక్కని చెప్పాడు.

"గదే వ్యాన్ల ఒస్తరా సార్?" అని అడిగింది అక్క.

"ఇంకో వ్యాను ఏడికెల్లి తెస్తరమ్మా?"

నేను అమ్మే పుస్తకాల్లో స్థానిక సంస్థల విధులని ఒక అధ్యాయం ఉంటుంది. చిన్న వ్యాపారాల నియంత్రణ ఒక పేజీలో, వాటికి ప్రోత్సాహం ఇంకో పేజీలో ఉంటాయి. మా సందుకు ఆ రెండూ ఒకే వ్యానులో వచ్చేవి.

మీర్‌పేట్‌లోని ఇంటికి బస్సులో తిరిగి వస్తూ అక్క కిటికీలోంచి ప్రతి బండినీ చూస్తూ కూర్చుంది. ఇక ఆ రోజు నుంచి మూల వదిలి కదల్లేదు. బావ అన్నం తెస్తే ఒక చేత్తో తింటూనే రోడ్డు వైపు చూసేది. మధ్యలో బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించింది. తాగమని నేను సీసా తీసుకెళ్తే, బండి కింద పెట్టమనేది. సాయంత్రానికి సీసా నిండుగానే ఉండేది.

సందులో రోజూ ఒకే వాదన.

"గీసారి కొట్టకు వదినా," అనేవాడు మిర్చి బండి అతను.

"కొట్టకుంటే, గది ఎత్తుకపోయే వ్యానైతే?" అనేది పూలమ్మే ఆమె. "నీది ఇనుప బండి, వంకర పోతది అంతే. నా పూలు పోతే నా దినం పోయినట్టే."

"కొడితే, ఫొటోల వ్యానైతే?"

అందరూ అక్క వైపు చూసేవాళ్లు.

"నేనైతే నిలబడ్త," అంది ఒకరోజు. "మీ ఇష్టం మీది."

వాన వెలిసిన ఒక పొద్దున వ్యాను వచ్చింది. వెనక భాగమంతా టార్పాలిన్ కప్పి ఉంది. లోపల కూలీలున్నారో లేదో తెలియడం లేదు. అక్క రాయి చేతిలోకి తీసుకుంది. నేను పుస్తకం కోసం వచ్చిన అమ్మాయికి చిల్లర ఇవ్వడం మరిచిపోయి ఆ చేతినే చూస్తున్నాను. సందంతా ఆ చేతినే చూస్తోంది. మిర్చి బండి అతను ఎందుకైనా మంచిదని పొయ్యి ఆర్పేశాడు. వ్యాను ఆగింది. అక్క రాయిని చప్పుడు కాకుండా పళ్లెంలో పెట్టి, రెండు చేతులతో బండి అంచు పట్టుకుంది.

ట్యాబ్ పట్టుకున్నాయన దిగాడు.

"జర నవ్వమ్మా, ఫొటోకు," అన్నాడు. అక్క నవ్వలేదు. మా యజమాని ఈసారి దుకాణం దిగి వాళ్లకు ఎదురెళ్లాడు. "ఉన్నారండీ. అందరూ ఉన్నారు. ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నారు," అన్నాడు. అడగకుండానే మళ్లీ అన్నాడు.

కార్డులు వచ్చాయి. రోడ్డు అంచున తెల్ల గీతలు వేశారు. ఆ గీతల మధ్య అక్క రెండు ఎండాకాలాలు కూడా నిలబడలేదు. కిడ్నీలు చెడిపోయి దవాఖానలో చేర్చితే, డాక్టరు మొట్టమొదట అడిగింది, నీళ్లు సరిగ్గా తాగేదా అని. బావ నా వైపు చూశాడు. నాకు బండి కింద నిండుగా ఉండే సీసా గుర్తొచ్చింది.

అక్క పోయాక ఇప్పుడు అదే గీతల మధ్య బావ జామపండ్లు అమ్ముతున్నాడు. కార్డు ఆయన పేరు మీదికి మారేదాకా మళ్లీ అదే ఆఫీసు, అదే భయం. ఎలక్ట్రానిక్ కాటా కొన్నాడు. అక్క తరాజు మీర్‌పేట్ ఇంట్లో మేకుకు వేలాడుతోంది. వ్యాను ఇప్పటికీ సందు ముందు నుంచి వెళ్తుంది. అది కనిపిస్తే, నేను చేస్తున్న పని ఆపి మూల వైపు చూస్తాను. అక్కడ ఇప్పుడు ఎవరూ పళ్లెం కొట్టడం లేదు.