మా మామ పికప్పు మీద పడ్డ కళ్ళు

నిన్న వేరుశెనగ గుళ్ళు మిక్సీలో వేసి తిప్పుతుంటే కాలిన వాసన వచ్చింది. గుళ్ళు మాడిన వాసన కాదు, వైరు మీది ప్లాస్టిక్కు కాలిన వాసన. స్విచ్చి ఆపి, కిటికీ తెరిచి, అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన ఎప్పుడు ముక్కుకు తగిలినా నాకు మా మామగారి పాత పికప్పు గుర్తొస్తుంది. దాని వెనకే గోడ అవతల నుంచి పెద్దత్త గొంతు వినిపిస్తుంది.

పూతలపట్టు దగ్గర మా అత్తగారి ఊరు. మా మామా, ఆయన అన్నా ఒక మధ్యాహ్నం కూర్చుని ఆస్తి పంచుకున్నారు. మామిడితోట చెరిసగం, బోరు ఉన్న నేల చెక్క పెద్దమామకు, కాయలు తోలే పికప్పు మా మామకు. ఇంటికి నడుమ గోడ లేచింది. నా అదృష్టం కొద్దీ మేస్త్రీ దాన్ని నా గడ్డం ఎత్తున ఆపేశాడు. తిరుపతిలో పెరిగి, ఆ ఊళ్ళో పలకరించే దిక్కు లేని నాకు పెద్దమామ భార్య, అంటే మా పెద్దత్త, ఆ గోడ మీదుగానే వంట నేర్పింది. "ఏమ్మే, యాడుండావు? ఊరుబిండి నూరినా, గిన్నె తీసుకరా" అని ఆమె కేకేస్తే నా పనులన్నీ ఆగిపోయేవి. వేయించిన గుళ్ళూ ఎండుమిరపకాయలూ చింతపండూ వేసి రోట్లో నూరిన ఆ పచ్చడి ఒక సాకు మాత్రమే. గిన్నె ఒకసారి దాటితే మాటలు వందసార్లు దాటేవి.

పంపకాలైన కొన్నాళ్ళకే పికప్పుకు రోగం పట్టుకుంది. లైట్లు ఉన్నట్టుండి ఆరిపోయేవి. హారన్ నొక్కితే పలికేది కాదు. ఫ్యూజు మారిస్తే ఒక పూట బాగుండేది, తోటదారి గుంతల్లో దిగగానే మళ్ళీ పోయేది. ఎక్కడో షార్టవుతోందని ఊరందరికీ తెలుసు. మా మామ మాత్రం పుట్టు అనుమానం మనిషి. నేను అడక్కుండా రెండోసారి కాఫీ ఇస్తే, దాని వెనక ఏం కోరిక ఉందోనని గ్లాసులోకి తొంగిచూసేవాడు. అలాంటాయన వైరును అనుమానిస్తాడా? అన్నను అనుమానించాడు. "మా అన్న కండ్లు పడినాయి బండి మీద" అని తేల్చేశాడు.

విరుగుడుగా నిమ్మకాయా మిరపకాయలూ ఇనుపతీగకు గుచ్చి, బండి ముందు జాలీలోంచి తీగ దూర్చి, కట్టింగు ప్లేయరుతో బిగించాడు. దారమైతే తెగిపోతుందట. బండిని పూతలపట్టులో ఎలక్ట్రీషియన్ దగ్గర వదిలే ముందు ఆ దండను తన చేత్తోనే విప్పేవాడు. పరాయి చెయ్యి తగిలితే అది పనిచెయ్యదని ఆయన నమ్మకం. ఎలక్ట్రీషియన్ టెస్టుల్యాంపు పట్టుకుని డ్యాష్‌బోర్డు కింద దూరి, ఒక్కో కనెక్షనూ ఊడదీసి చూసేవాడు. అన్నీ వెలిగేవి, హారన్ వీధి అదిరేలా మోగేది. ఇంటికొచ్చి మామ ఇంకో దండ ఇంకా గట్టిగా బిగించేవాడు. మర్నాడు మళ్ళీ లైట్లుండవు.

"ఆడ బాగుంటాది, ఈడికొస్తే పోతాది. అంటే ఈడ ఎవురి చెయ్యో ఉండాది" అన్నాడు మామ. ఒకరోజు పడుకునే ముందు బండి చుట్టూ ముగ్గుపిండి చల్లాడు, అడుగులు పడతాయని. తెల్లారి చూస్తే కోడి అడుగులు తప్ప ఏమీ లేవు. ఆ కోడి పెద్దత్తది. మామ దానివైపు చాలాసేపు చూశాడు.

ఆ తర్వాత వాకిట్లోకి ఇటుకల లోడు దిగింది. "వచ్చే మామిడికాపు అయిపోతానే మేస్త్రీ వస్తాడు. గోడ చూరు దాకా లేపిస్తా" అన్నాడు. అంతవరకూ ఆ ఇంటితో మాటా పలుకూ ఉండకూడదని నాకు హుకుం వేశాడు. పెద్దత్త "ఏమ్మే" అని పిలుస్తుంటే నేను వంటింట్లో ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడేదాన్ని. పలక్కుండా దాన్ని మళ్ళీ బోర్లించేదాన్ని. అలా కొంతకాలం పిలిచి పిలిచి ఆమె మానేసింది. రోలు చప్పుడు ఒక్కటే వినబడేది. ఇటుకలను చూస్తే నాకు ఏడుపొచ్చేది, కోపమూ వచ్చేది.

కాపు చివర్లో ఒక తెల్లవారుజామున మామ లైట్లు వేసి, బండి స్టార్టు చేసి వదిలి, కాఫీకి లోపలికొచ్చాడు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేలోపు కాలిన వాసన. బయటికి పరిగెత్తాం. బండి ముందు పెద్దమామ వంగి, జాలీలో చెయ్యి పెట్టి ఉన్నాడు. ఇన్నాళ్ళ కాపలాకు ఫలితం దక్కిందన్న వెలుగు మా మామ ముఖంలో నేను చూశాను.

"ఏం పీకుతా ఉండావు న్నా ఆడ?" అని అరిచాడు.

పెద్దమామ చెయ్యి బయటికి తీశాడు. చేతిలో నిమ్మకాయల దండ పొగలు కక్కుతోంది. కాలిన వేళ్ళను పంచెకు అదుముకుంటూ, ఏమాత్రం గొంతు పెంచకుండా అన్నాడు. "ఇది నా కండ్లకు కట్టిందే గదరా. మంటుకుంటా ఉంటే నేనే తీసేసినా."

తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి చూపించాడు. మొదట ఉన్న షార్టు తను ఏనాడో సరిచేశాడట, ఆ తర్వాత దండ బిగించిన ప్రతిసారీ ఇనుపతీగ జాలీ వెనకున్న వైర్ల కట్టను కోస్తూ వచ్చింది. తొడుగు పోయి రాగి బయటపడింది, బండి అదిరినప్పుడల్లా తీగకు తగిలి షార్టయింది. ఫ్యూజులు మార్చలేక విసుగెత్తి మామే వాటి స్థానంలో లావుపాటి రాగితీగ చుట్టాడు కాబట్టి, ఈసారి ఫ్యూజు పోకుండా మంట వచ్చింది. మామ అన్నకు క్షమాపణ చెప్పలేదు. "కాలిన ఏళ్ళు చూపించు న్నా" అని వెన్న తెచ్చి తనే రాశాడు. ఇటుకలతో గోడ పక్కన నేను ఎక్కి మాట్లాడుకోవడానికి అరుగు కట్టించాడు.

ఆ అరుగెక్కి "పెద్దత్తా" అని పిలిచాను. ఆమె రోటి ముందు కూర్చుని ఉంది, తల తిప్పలేదు. మళ్ళీ పిలిచాను. అలిగిందనుకున్నాను. మామ అనుమానం నాకూ అంటుకున్నట్టుంది, నాలుగైదు రోజులు అలాగే అనుకున్నాను. చివరికి గోడ చుట్టి వెళ్ళి భుజం తాకితే ఉలిక్కిపడి, నవ్వి, నా చెయ్యి తీసి తన చెవి మీద పెట్టుకుంది. "ఇనబడల్యా మ్మే. రోజురోజుకీ తగ్గిపోయినాది" అంది.

మిక్సీ చల్లారింది, గుళ్ళు సగమే నలిగాయి. అన్నదమ్ముల పంపకం ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది, మామ అనుమానం తీరడానికి ఏడాది పట్టింది. పెద్దత్తకు చెవులు వినబడిన చివరి ఏడాది అదే, నేను నోరు మూసుకుని గడిపిన ఏడాదీ అదే.