తెలుపు మీద తెలుపు

ఖానాపురం హవేలిలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. వెబ్ పేజీలు తయారు చేయడం నా పని. అందులో సగం కాలం, ఒకే పేజీ ఒక బ్రౌజర్లో బుద్ధిగా కూర్చుని ఇంకో బ్రౌజర్లో ఎందుకు చిందరవందర అవుతోందో వెతకడానికే పోతుంది. ఈ పనంటే మా వాళ్లందరికీ తలనొప్పి. నాకు మాత్రం మొదటినుంచీ ఇదే ఇష్టం. పాత బ్రౌజరుకు తెలియని మాట చెబితే అది తిరిగి అడగదు, గొడవ పెట్టదు. ఆ ఒక్క వాక్యం వదిలేసి కిందికి పోతుంది. ఏది వదిలేసిందో కనిపెట్టేదాకా నాకు అన్నం సయించదు.

రెండేళ్ల కిందట ఒక నర్సింగ్ శిక్షణ కేంద్రానికి దరఖాస్తు పేజీ చేసిచ్చాను. దాన్ని ఎవరు ఏ బ్రౌజర్లో తెరుస్తున్నారో నాకు ఒక పట్టికలో కనబడుతుంది. అట్టడుగున పదేళ్ల నాటి బ్రౌజరు ఒకటి ఉండేది. దాన్ని వాడుతున్న కంప్యూటరు ఒకే ఒక్కటి. ఒక్కరి కోసం ఎవరు చస్తారులే అనుకుని, దానిమీద పరీక్షించడం మానేశాను.

మొన్న ఒక సాయంత్రం ఫోన్ మోగింది. అవతల ఒక అమ్మాయి. చండ్రుగొండ దాటి అడవి పక్కన వాళ్ల ఊరు. శిక్షణ కేంద్రం వాళ్లే నా నంబరు ఇచ్చారట.

"అక్కా, పోయిన వారం దరఖాస్తు పెట్టిన. ఇయ్యాల ఆఫీసుకు ఫోన్ చేస్తే నా పేరే లేదంటున్నరు. రేపే ఆఖరు తేదీ."

"పంపే బటన్ నొక్కినవా?" అన్నాను, కాస్త విసురుగానే. నొక్కకుండా నొక్కామనేవాళ్లు రోజుకొకరు తగులుతారు.

"బటనే లేకుండె అక్కా. జూలూరుపాడుల నెట్ సెంటర్ చాచా ఏందో మూడుసార్లు కొట్టి, పోయిందమ్మా అన్నడు."

లేని బటన్ ఎలా నొక్కుతారు? మోసమేదో ఉందని ఒళ్లు మండింది. మండుతూనే, ఆ మూడుసార్లు ఏమిటో తెలుసుకోవాలని మనసు లాగింది. పొద్దున ఆ సెంటర్ దగ్గరికి రమ్మని ఆ అమ్మాయికి చెప్పి, మర్నాడు బండి మీద జూలూరుపాడు పోయాను.

చాచాకు అరవై దాటి ఉంటాయి. ఆ దుకాణం ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్. గోడవారన రెండు టైపు మిషన్లు గుడ్డ కప్పుకుని ఇంకా ఉన్నాయి. బల్ల మీద కంప్యూటరు కూడా వాటి ఈడుదే అనిపించింది. అమ్మాయి నాకంటే ముందే వచ్చి, సర్టిఫికెట్ల కవరు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

"కొత్త కంప్యూటర్ పెట్టరాదా చాచా?"

"పెడితే నా స్కానర్ దాంతోని పని చెయ్యదు బేటీ. సర్టిఫికెట్లు ఎక్కియ్యనిదే ఈడ ఏ పనీ కాదు."

నా పేజీ తెరిచాడు. గళ్లన్నీ ఉన్నాయి. వాటి కింద ఒట్టి తెల్లటి ఖాళీ.

"మీరు రోజూ ఎట్ల చేస్తరో గట్లనే చెయ్యిండ్రి. పంపేటప్పుడు మాత్రం ఆగుండ్రి" అన్నాను.

ఆయన తెర వైపు చూడలేదు, కీబోర్డు వైపూ చూడలేదు. పక్కన పెట్టిన కాగితం మీదే కళ్లు. వేళ్లు వాటంతటవే పోతున్నాయి. చివరి గడి నింపి, గడి నుంచి గడికి దూకించే ట్యాబ్ మీట మీద వేలుంచి ఆగాడు.

"ఇప్పుడు ఇది మూడుసార్లు, ఒక ఎంటర్. అంతే."

"బటన్ కనబడకుండ ఎట్ల తెలిసింది?"

"ఒకామె ఫోన్ల జూసిన. గళ్లయినంక ముందే పెట్టి ఉన్న టిక్కు, చెరిపేసే ఎర్ర బటన్, పంపే ఆకుపచ్చ బటన్. మూడోది. మా దగ్గర టైపు నేర్చుకునేటోళ్లకు మొదటి పాఠమే, చూడకుండ కొట్టాలని. కనబడకుంటే ఏమాయె, జాగ తెలుసు గద."

రెండేళ్లుగా ఆ చుట్టుపక్కల ఊళ్ల దరఖాస్తులన్నీ ఆయన ఇలాగే, నా పట్టిక అట్టడుగున ఉన్న ఆ ఒక్క కంప్యూటరు నుంచే పంపాడు. అన్నీ చేరాయి. ఎంత ముచ్చట వేసిందో! ఆ వెంటనే ఒకటి గుర్తొచ్చింది. పోయిన వారం 'నియమాలు చదవండి' అని ఒక లింకు కలిపింది నేనే. టిక్కుకూ ఎర్ర బటనుకూ మధ్యలో. ఇప్పుడు మూడోది పంపే బటన్ కాదు, చెరిపేసేది.

"చెరిగిపోయిందని మీకు తెల్వలేదా చాచా?"

"పంపినా గళ్లు ఖాళీ అయితయి గద బేటీ. ఎప్పుడూ గంతే."

నిజమే. పంపాక ఆకుపచ్చ పట్టీలో దరఖాస్తు నంబరు రావాలి. ఆ ఆకుపచ్చను నేను కొత్త పద్ధతిలో రాశాను. ఈ బ్రౌజరుకు అది అర్థం కాక వదిలేసింది. తెల్ల అక్షరాలు మాత్రం అర్థమయ్యాయి. తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు. టిక్కూ, లింకూ, బటన్లూ అంతే, నంబరూ అంతే.

అక్కడే ల్యాప్‌టాప్ తెరిచాను. లింకును పేజీ అడుగుకు తోసేశాను. ప్రతి రంగుకూ ముందు పాత పద్ధతిలో ఒక వాక్యం, దాని కింద కొత్తది. కొత్త బ్రౌజరు కింది మాట వింటుంది, పాతది పై మాటతో సరిపెట్టుకుంటుంది. ఆరు వాక్యాల పని. రెండేళ్ల కిందటే చేయాల్సిన పని. సిగ్గేసింది, ఆ మాట ఇద్దరికీ చెప్పాను కూడా.

"తప్పు మీది కాదు చాచా, నాది."

ఆయన పేజీ మళ్లీ తెరిచి, గళ్లన్నీ మొదటి నుంచి నింపాడు. ఈసారి అడుగున ఆకుపచ్చ బటన్ కనబడింది. "నువ్వే నొక్కు బిడ్డా" అని మౌసు అమ్మాయి ముందుకు జరిపాడు. ఆ పిల్ల అరచెయ్యి చున్నీకి తుడుచుకుని నొక్కింది. ఆకుపచ్చ పట్టీ వచ్చింది, అందులో నంబరు.

"ఇది నాదేనా అక్కా?"

"అవ్, నీదే."

చాచా సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీశాడు. దరఖాస్తు పెట్టినవాళ్ల పేరు, ఊరు, ఫోన్. చివర 'నంబరు' అని గీత గీసిన గడి. పేజీల నిండా ఆ గడి ఖాళీగానే ఉంది. మొదటిసారి అందులో నంబరు రాశాడు. రాసి, ఒక పేజీ వెనక్కి తిప్పాడు. పోయిన వారానివి ఇంకో నాలుగు పేర్లు, వాళ్లవీ చెరిగిపోయినట్టే. సాయంత్రం అయిదుకు గడువు ముగుస్తుంది.

అమ్మాయి వంగి చూసింది. "ఈ మూడో ఆమెది మా పక్క ఊరే. ఆడ సిగ్నల్ ఉండదు. నేను పోయి తోలుకొస్తా" అని కవరు చంకలో పెట్టుకుని లేచింది.

"ఆటోలో ఎప్పటికి పోతవ్, బండెక్కు" అన్నాను.

మేము మెట్లు దిగేసరికి చాచా మొదటి పేరు మీద వేలుంచి ఫోన్ కలుపుతున్నాడు.