కొత్త రేకుల కింద

మజహర్ బతుకు వంగిన మేకులను తిన్నగా చేయడంతో మొదలైంది. పాశమైలారం ఫ్యాక్టరీలు పారేసిన చెక్కపెట్టెలను కొని, విప్పి, మేకులు పీకి సుత్తితో సాపు చేసి, మందుల డ్రమ్ములు నిలబెట్టే ప్యాలెట్లు కొట్టేవాడు. తర్వాత కొత్త చెక్క వచ్చింది, కోత మిషను వచ్చింది, జీఎస్టీ నంబరు వచ్చింది. షెడ్డు రేకులు మాత్రం పాతవే. వానకు తడిసిన ప్యాలెట్లు బూజు పట్టి ఫ్యాక్టరీ గేటు నుంచే తిరిగొచ్చేవి.

ఫ్యాక్టరీలు నెలల తరబడి డబ్బివ్వవు. సంగారెడ్డిలో ప్యాకింగ్ సామాను అమ్మే లక్ష్మీకాంతం అలా కాదు. సరుకు దిగగానే బిల్లు మొత్తం, పన్నుతో సహా, చేతిలో పెట్టేవాడు. "నువ్వు ఆగలేవని నాకెర్క లేదా భాయ్" అని నవ్వేవాడు.

ఈసారి వానలకు ముందు మజహర్ ఆ పన్ను డబ్బుతో రేకులు వేయించాడు. ఫ్యాక్టరీ బాకీ రాగానే కట్టేద్దామనుకున్నాడు. అది రాలేదు. కట్టే డబ్బు లేక అతను జీఎస్టీ రిటర్ను వేయలేదు. అతను చూపని పన్ను లక్ష్మీకాంతం కట్టినట్టుగా సర్కారు లెక్కలో జమ కాలేదు. ఒకసారి మజహర్‌కిచ్చిన డబ్బునే ఆయన మళ్లీ తన జేబులోంచి సర్కారుకు కట్టాడు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మజహర్ ఆయన ఫోను ఎత్తలేదు. చాయ్ హోటల్ ముందు ఆయన స్కూటర్ కనిపిస్తే వెనక సందులోంచి వెళ్లాడు.

ఒక మధ్యాహ్నం లక్ష్మీకాంతమే తడుస్తూ షెడ్డుకు వచ్చాడు. తల తుడుచుకుని పైకి చూశాడు.

"ఏంది భాయ్, కొత్త రేకులా? మంచిగేయించినవ్. పోయినేడు ఈడ చాయ్ తాగుతుంటే గిలాసల వాన నిండుతుండె."

వాన పెద్దదైంది. ప్రతి చినుకూ తన పేరే పిలుస్తున్నట్టుంది మజహర్‌కు.

"సేటు... గవి మీ పైసలే."

"ఏంది?"

"మీరిచ్చిన టాక్స్ పైసలు. కట్టలే. నెత్తి మీద ఏసుకున్న."

లక్ష్మీకాంతం తుండుగుడ్డ పిండి భుజాన వేసుకున్నాడు.

"గీ ముక్క ఫోన్ల చెప్తే అయిపోతుండె గదా. నీ పానం బాగలేదేమో అనుకొని వచ్చిన."

మజహర్ స్టూలు ముందుకు జరిపినా ఆయన కూర్చోలేదు.

"సరుకు పంపు. గని ఇగ టాక్స్ పైసలు నా కాడనే ఉంటయి. నువ్వు కట్టినట్టు కంప్యూటర్ల కనబడ్డంక ఇస్త. అందరికీ గట్లనే ఇస్తున్న."

అందరికీ ఉన్న షరతు. ఇన్నేళ్లూ తనకొక్కడికే అది లేదని మజహర్‌కు అప్పుడే తెలిసింది.

సాగనంపడానికి అతనూ వానలోకి వచ్చాడు. స్కూటర్ మలుపు తిరిగాక కూడా రేకుల కిందికి వెళ్లలేకపోయాడు.