మిషను కారు పక్కకు గుంజిన రోజులు

మొన్న మా అల్లుడు కారును సర్వీసుకు ఇస్తూ, ఇంట్లో ఒక్కదాన్నే ఏం కూర్చుంటానని నన్ను కూడా వెంట తీసుకెళ్లాడు. కరీంనగర్ శివార్లలో పెద్ద షెడ్డు అది. నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి చల్లటి నీళ్లిచ్చారు. కారును ఇనుప చేతుల మీద మనిషెత్తు లేపారు. కాసేపటికి ఒకతను కాగితం పట్టుకొచ్చి, ముందు టైర్ల అంచులు అరిగాయనీ, టైరాడ్ ఎండ్లు లూజయ్యాయనీ చెప్పాడు. మా అల్లుడు అది ఏదో జబ్బు పేరన్నట్టు తల గోక్కున్నాడు. "రెండు దిక్కులా మార్చు నాయనా, ఒక్కటే మారిస్తే లాభం లేదు" అన్నాను నేను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఎనభై దాటిన ముసలమ్మ నోట ఆ మాట రావడం వింతే మరి. నేను జన్మలో కారు నడపలేదు. ఒకే ఒక్కసారి, కదలకుండా నిలబడి ఉన్న కారులో, స్టీరింగు ముందు ఓ పది నిమిషాలు కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నది ఏ ప్రసంగంలోనూ నేర్చుకోలేదు.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. బెల్లంపల్లికి పన్నెండు మైళ్ల దూరాన మాదొక చిన్న మిషను దవాఖాన. డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు, ఒక కారు, నేను. వారంలో నాలుగు రోజులు కారు ఊళ్లకు పోయేది. డాక్టరమ్మ ఎవరి అరుగు మీదనో పెట్టె తెరిచి మందులిస్తుంటే, వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ల మధ్య నేను దేవుని వాక్యం చెప్పేదాన్ని. అందరూ పంతులమ్మ అనేవాళ్లు. నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ వయసులో నాకు లోకంలో అన్నీ తెలుసు. తెలియనివి ఏవైనా ఉంటే అవి తెలుసుకోవలసినవి కావని కూడా తెలుసు. కారు మాత్రం నాకంటే పెద్దది. దొరలెవరో స్వదేశం పోతూ వదిలిపోయిన నల్ల కారు. వెనక సీటు సగం తీసేసి మందుల పెట్టెలకు చెక్క పలక బిగించారు. లోపల ఎప్పుడూ టింక్చరు, దుమ్ము, డాక్టరమ్మ సద్దిలోని నిమ్మకాయ తొక్కు కలిసిన ఒక వాసన. ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా నిమ్మకాయ తొక్కు జాడీ తెరిస్తే నాకు వెన్నులో కుదుపు తెలుస్తుంది.

ఆ కారు నడిపే మనిషిని అందరం డ్రైవరన్న అనేవాళ్లం. నలభై ఏళ్లుంటాయి. అంతకుముందు బొగ్గు లారీ తోలేవాడు, సారా తాగేవాడు. తాగుడు భరించలేక భార్య పుట్టింటికి పోతే, ఆమెను తీసుకురావడానికి పోయి, అక్కడి ప్రార్థన కూటంలో వాక్యం విని, మారిన మనసుతో ఇద్దరూ కలిసి తిరిగి వచ్చారట. ఎనిమిదేళ్లుగా చుక్క ముట్టలేదు. నెలకొకసారి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ఉండే ఆదివారం గంట కొట్టకముందే వచ్చేవాడు. గంజి పెట్టిన తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన తల. "ఎనిమిదేండ్లల్ల ఒక్క బల్ల తప్పలే చెల్లె" అనేవాడు నాతో. ఆయనకున్న గర్వం అదొక్కటే. మా సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి మీదనైనా ఫిర్యాదు వస్తే బల్లకు ముందటి శుక్రవారం పెద్దలు కూర్చొని విచారించేవారు. తప్పుందని తేలితే ఆ మనిషిని బల్లకు ఆపేవారు. ఆపిన మనిషి తలుపు పక్క చాప మీద కూర్చోవాలి. రొట్టె, పాత్ర అతని దాకా రావు. ఎందుకు ఆపారో ఎవరూ చెప్పనక్కర లేదు, చాపే చెప్పేది. అంతేకాదు, ఆపిన మనిషిని తిరిగి చేర్చుకునేదాకా మిషను జీతం పని చేయనిచ్చేవారు కాదు.

వానలు వెనకబట్టాక కారు నడక మారింది. చక్కటి సడక్ మీద పోతూ పోతూ ఎడమకు జరిగేది. డ్రైవరన్న సర్దితే కుడికి కొట్టుకునేది. ఒకరోజు పత్తి బస్తాల ఎడ్లబండికి జానెడు దూరంలో తప్పుకున్నాం. బండి మనిషి లేచి నిలబడి మా వెనక చాలాసేపు తిట్టాడు. దిగిన ఊళ్లో ఎవరో చాయ్ ఇస్తే డ్రైవరన్న సాసరు పట్టుకోలేకపోయాడు. చేతులు వణికి చాయ్ చొక్కా మీద ఒలికింది. నేను చూశాను. ఆయన నేను చూడడం చూసి, సాసరు కింద పెట్టి అవతలికి పోయాడు. పక్కకు పోయే కారు, వణికే చేతులు, ఒకప్పటి తాగుడు. ఈ మూడింటినీ కలపడానికి నాకు తెలివి ఎక్కువ అక్కర లేకపోయింది. వారం రోజులు ప్రార్థన చేసి, అది నా బాధ్యత అని తేల్చుకొని, శుక్రవారం పెద్దల ముందు చెప్పాను. "ప్రేమతోనే చెప్తున్నాను" అని మొదలుపెట్టినట్టు గుర్తు.

సంఘ కాపరి అయ్యగారు నెమ్మదస్తుడు, ఆలోచనలో పడ్డారు. పెద్దలందరికీ పెద్దయ్య బొగ్గుగనిలో హాజరు రాసే ఉద్యోగి. ఆయన చేతి కింద వందమంది ఉదయం లేచి నిలబడేవారు, అందుకని కూర్చున్న మనిషిని చూసినా ఆయనకు గైరుహాజరు లాగే కనిపించేది. డ్రైవరన్నను పిలిపించారు.

"బండిల ఏదో ఉన్నది పెద్దయ్యా. పక్కకు గుంజుతుంది. నేను గుంజుతలేను" అన్నాడు డ్రైవరన్న.

"కోతపండుగ కానుకలతోని రెండు నెలల కిందనే ముందుకు కొత్త టైర్లు ఏపిచ్చినం. ఇంకేముంటది బండిల?" అన్నాడు పెద్దయ్య.

"అది నాకూ సమజైతలేదు."

"నాకు సమజైతుంది. బండి తాగుతదా? మనిషి తాగుతడు గని."

ఒకరిద్దరు నవ్వారు. డ్రైవరన్న నావైపు చూడలేదు. "నన్ను ఆపుతే ఆపుండ్రి. బండిని మాత్రం మిస్త్రీకి సూపియ్యుండ్రి. డాక్టరమ్మ కూసుంటది అండ్ల" అని వెళ్లిపోయాడు. ఆదివారం అదే తెల్ల చొక్కాతో వచ్చి తలుపు పక్క చాప మీద కూర్చున్నాడు. పాట ఎత్తినప్పుడు మాత్రం అందరికంటే ఆయన గొంతే గట్టిగా వినబడింది. ఆ ఆదివారం నేను రొట్టె తీసుకున్నాను. అది ఇక్కడ రాయకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

మంగళవారం ఆయన భార్య మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"చెల్లె, ఒక్క మాట అడుగుత. నువ్వు వాసన చూసినవా?"

"లేదు వదినా. చేతులు వణకడం చూశాను."

"నేను గా చేతులను తాగినప్పుడు చూసిన, మానినప్పుడు చూసిన. గిప్పుడు సుత చూస్తున్న. పొద్దుగాల వణకవు. బండి దిగినంక వణుకుతయి. నువ్వు సదువుకున్నదానివి గదా, గట్లెందుకైతదో నువ్వే చెప్పు."

ఆమె పోయాక ఆ ప్రశ్న గుమ్మంలోనే నిలబడి ఉంది. మరునాడు అయ్యగారి దగ్గరికి పోయి, కారును బెల్లంపల్లి మిస్త్రీకి చూపించాలని, నేనూ వెంట పోతానని అడిగాను. మిస్త్రీ దాకా మాత్రం డ్రైవరన్ననే తోలనిమ్మన్నారు, వేరే తోలేవాళ్లు లేరు గనక. ఆ పన్నెండు మైళ్లు పోవడానికి గంట పైనే పట్టింది. ఈసారి నేను రోడ్డును కాక ఆయన చేతులను చూస్తూ కూర్చున్నాను. స్టీరింగు గిలక్కాయలో గింజలా దడదడలాడుతుంటే, ఆ రెండు చేతులు దాన్ని దూడను పట్టినట్టు పట్టుకొని ఉన్నాయి. భుజాల దాకా వణుకు పాకుతూ ఉంది. గంటసేపు అట్లా పట్టుకున్న మనిషికి సాసరు ఇస్తే ఏమవుతుంది?

మిస్త్రీ ముసలి సాయిబు. బొగ్గు లారీలు పోయే తోవ పక్కన రేకుల కొట్టం ఆయనది. కారులో ఏముందో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. ముందు టైరు మీద అరచెయ్యి ఒకసారి అటు, ఒకసారి ఇటు రాశాడు. నన్నూ రాయమన్నాడు. ఒకవైపు నున్నగా జారింది, రెండోవైపు ఆకురాయిలా గీసుకుంది.

"గిది రెండు నెలల టైరా? తోబా తోబా! చక్రం సీదా ఉరుకుతలేదమ్మా, రాసుకుంట ఉరుకుతుంది."

జాకీ పెట్టి ముందు భాగం లేపాడు. చక్రాన్ని కుడి ఎడమల రెండు చేతులా పట్టి ఊపాడు. టక్ టక్ మంది. పైనా కిందా పట్టి ఊపితే చప్పుడు లేదు. తర్వాత గోనెపట్టా పరుచుకొని కారు కిందికి దూరి, స్టీరింగు ఎవరైనా తిప్పమన్నాడు. డ్రైవరన్న తలుపు తీయబోయాడు.

"నువ్వు వద్దు డ్రైవర్ సాబ్. నీ చేతికి దాని తప్పు అలవాటైంది. పంతులమ్మా, నువ్వు కూసో. జర ఇటు, జర అటు. మెల్లగ."

కూర్చున్నాను. స్టీరింగు తిప్పాను. నాలుగు వేళ్ల వెడల్పు తిరిగింది, చక్రం మాత్రం కదలలేదు. ఇంకొంచెం తిప్పాక టక్కుమని కదిలింది. వెనక్కి తిప్పితే మళ్లీ అదే ఖాళీ. ఆ ఖాళీని నా చేతులతో నేనే పట్టుకున్నాను. స్టీరింగు నుంచి చక్రాలను తిప్పే కడ్డీ ఒకటుంటుంది, దాన్నే టైరాడ్ అంటారు. దాని కొసన మన తుంటి కీలులాగా గిన్నెలో గుండు కూర్చొని ఉంటుంది. గ్రీజు ఎండి, దుమ్ము చేరి, ఆ గుండు అరిగిపోయింది. మనిషి ఒకటి చెప్తే చక్రం ఇంకోటి వింటోంది.

"రెండు దిక్కుల ఖతం" అన్నాడు మిస్త్రీ కింది నుంచి. "అరే డ్రైవర్ సాబ్, గీ బండిని ఎట్ల తోలినవయ్యా? ఇంకో వారమైతే గోదాట్ల పడేస్తుంటివి దీన్ని. తాగినోడు తోలితే ఎప్పుడో పడుతుండె."

ఆయనకు మా సంగతి ఏమీ తెలియదు. మాటవరసకు అన్నాడు. డ్రైవరన్న చేతులు వెనక్కి కట్టుకొని, తల పక్కకు తిప్పి నిలబడ్డాడు. నావైపు తిరగకుండానే అన్నాడు: "నాకే అనుమానమొచ్చింది చెల్లె. ముట్టకున్నా గా పాడుది మళ్ల ఒంట్లకు వచ్చిందేమో అనుకున్న. పొద్దున లేసి చేతులు చూసుకునేటోన్ని." నేను స్టీరింగు పట్టుకొనే ఉన్నాను. ఏదో ఒకటి చెప్పడమే నా ఉద్యోగం.

ఏ కాంట్రాక్టరు కారుకో తెప్పించిన కొత్త కీళ్లు రెండు మిస్త్రీ రేకుపెట్టెలో నూనె కాగితంలో ఉన్నాయి. అవి సరిపోయాయి. పని మొదలుపెట్టబోతుంటే మసీదు నుంచి పిలుపు వినబడింది. ఆయన సుత్తి కింద పెట్టి, రంపపు పొట్టుతో చేతులు రుద్దుకొని, కడుక్కొని, కొట్టం వెనక నమాజుకు నిలబడ్డాడు. తిరిగి వచ్చి నట్టు జారకుండా గుచ్చిన మేకు తీశాడు, నట్టు విప్పాడు. కీలు ఊడలేదు. డ్రైవరన్నను ఒకవైపు బరువైన సుత్తి ఆనించి పట్టమని, రెండోవైపు నుంచి తాను ఒక్కటిచ్చాడు. జారి కింద పడింది. పాతదాన్ని మరతిప్పి తీసేటప్పుడు ఎన్ని చుట్లో లెక్కపెట్టమని నాకు పని చెప్పాడు. పదమూడు. కొత్తదాన్ని సరిగ్గా పదమూడు చుట్లే ఎక్కించాడు. తర్వాత వెదురుబద్ద కోసి, రెండు ముందు చక్రాల మధ్య ముందరి ఎడం, వెనకటి ఎడం కొలిచి, మళ్లీ కాస్త తిప్పి, గ్రీజు పెట్టి, నట్టుకు కొత్త మేకు వంచి, లేచి నడుం పట్టుకున్నాడు. పాత కీలు ఒకటి కాగితంలో చుట్టి ఇమ్మని అడిగాను. "ఏం చేసుకుంటవమ్మా?" అని నవ్వి ఇచ్చాడు.

తర్వాతి శుక్రవారం దాన్ని పెద్దల బల్ల మీద పెట్టాను. హాజరు పెద్దయ్య చేతిలోకి తీసుకొని ఊపాడు. గుండు గిన్నెలో లొటలొటలాడింది. మళ్లీ ఊపాడు. చేతుల వణుకు సంగతీ, టైర్ల సంగతీ చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. ముఖం చిన్నబోయింది. "అయితే వచ్చే బల్లకు కూసోమందాం. మళ్ల అందరి ముంగట తీసుడెందుకు, సంఘం పరువు" అన్నాడు. ఆపింది అందరి ముందే గదా అన్నాను. అయ్యగారు నావైపు చూసి, "సాక్ష్యం నీదేనమ్మా. తీసుకునేదీ నువ్వే" అన్నారు.

బల్ల ఆదివారం, పాట అయ్యాక, లేచి నిలబడ్డాను. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞను పిల్లలకు నేర్పేదాన్ని నేనే. నాకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పాననీ, ఆయన తాగలేదనీ, కారు కీలు అరిగిందనీ చెప్పాను. కూర్చోవడానికి చోటు మరిచిపోయాను. డ్రైవరన్న చాప మీది నుంచి లేచి, మనుషుల మధ్య నుంచి నడిచి, ముందుకు పోయి తన చోట కూర్చున్నాడు. ఆయన భార్య ఏడుస్తూ పాట అందుకుంది.

దేవుని ముందు ఒప్పుకున్నాను, సంఘం ముందు ఒప్పుకున్నాను, నా లెక్క తీరిందనుకున్నాను. ఆయన ముందు మాత్రం ఒక్క మాట అనలేదు. సోమవారం మళ్లీ ఊళ్లకు పోయాం. ఆ వారం, ఆ ఏడు, ఆ తర్వాతి ఏళ్లు. వానల్లో, మే నెల ఎండల్లో, ఒకసారి వాగు నీళ్లు తలుపుల్లోంచి వచ్చినప్పుడు నన్ను మందుల పెట్టె మీద కూర్చోబెట్టి కూడా. నా పెళ్లి కుదిరి ఆ ఊరు విడిచి పోయేనాడు రైలుకు నన్ను ఆయనే తీసుకెళ్లాడు. సగం దారిలో, "అన్నా, అప్పుడు నేను నిన్ను..." అని మొదలుపెట్టాను.

"చెల్లె, జర నన్ను సడక్ చూడనియ్యి. రైలు తప్పుతది" అన్నాడు.

రైలు తప్పలేదు. ఆ ఒక్క మాట ఆయనతో మొదలుపెట్టడానికే నాకు ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ ఆయన నన్ను ప్రతిసారీ పోవలసిన ఊరికి చేర్చి, పొద్దుగూకేలోపు క్షేమంగా ఇంటి ముందు దించుతూనే ఉన్నాడు.