కాదు మాస్టారి గెలుపు

ఎవరేమన్నా ఆయన మాట "కాదు"తోనే మొదలయ్యేది. వాన పడుతోందంటే "కాదు, తుంపర" అనేవాడు. కూర బాగుందంటే "కాదు, నీ ఆకలి బాగుంది" అనేవాడు. అందుకే బడిపిల్లలు ఆయనకి కాదు మాస్టారని పేరు పెట్టారు. ఆ పేరు తన చెవిన పడ్డ రోజున కూడా "కాదు, అలా అనకూడదు" అనబోయి, నాలిక కరుచుకుని, తనే పడీపడీ నవ్వాడు.

చెప్పేది లెక్కలే గానీ ఆయన ప్రాణమంతా సాయంత్రం డిబేట్ క్లాసులో ఉండేది. పిల్లల చేత చీటీలు తీయించి, ఏ పక్షం వస్తే ఆ పక్షాన మాట్లాడమనేవాడు. "నీ నమ్మకం ఇంటి దగ్గర పెట్టి రా. ఇక్కడ కావలసింది వాదన" అనేవాడు. నోట మాట పెగలని పిల్లలు ఆయన చేతిలో పడ్డాక గడగడా మాట్లాడేవారు.

భార్య బస్టాండులో అనౌన్సర్. కాలేజీలో ఎదురెదురు పక్షాల్లో నిలబడి వాదించుకుంటూనే ఇద్దరూ ప్రేమలో పడ్డారు. అప్పట్లో పోటీల్లో కప్పులన్నీ ఆవిడవే. పెళ్లయిన కొత్తలో ఇంట్లోనూ హోరాహోరీయే, పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఇద్దరికీ పట్టేది కాదు. రానురాను ఆవిడ తగ్గింది. "సరేలే మహానుభావా, నువ్వన్నదే రైటు" అని తన పనిలో పడేది. మాస్టారు గెలిచాననుకునేవాడు. ఆవిడ వాదించడమే మానేసిందని ఆయనకి తట్టనే లేదు.

అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని ఆవిడ బస్సుల వివరాలు చెబుతుంటే హడావిడిలో ఉన్నవాళ్లు కూడా నిదానించేవారు. తప్పిపోయిన పిల్లల్ని ఎవరైనా తీసుకొస్తే, "అమ్మ వచ్చేస్తోంది కన్నా, ఏడవకు" అని మైకులో ముందు బిడ్డకి చెప్పి, ఆ తర్వాతే తల్లిని పిలిచేది.

ఆ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. ఎంతకీ తగ్గలేదు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి, గొంతులో క్యాన్సరని చెప్పింది. స్వరపేటిక తీసేస్తే ప్రాణానికి భరోసా ఎక్కువ, మాట మాత్రం ఉండదు. రేడియేషన్ ఇస్తే మాట మిగలొచ్చు, జబ్బు తిరగబెట్టనూ వచ్చు. "బయట కూర్చుని మాట్లాడుకోండి" అంది.

బయట బెంచీ మీద ఆవిడే ముందు నోరు విప్పింది. "నాకు ఆపరేషన్ వద్దు."

"కాదు, నేను చెప్పేది విను..."

"గొంతు పోయాక నేనెవర్ని?"

"అది ఆవేశం, వాదన కాదు. మాట లేనివాళ్లు బతకడం లేదా? ముందు బతికుంటే కదా ఎవరివో తేల్చుకునేది!"

"ఇంకొకటుంది, అది కూడా..."

"జబ్బు తిరగబెడితే? అప్పటికి ఆపరేషన్ కూడా కుదరకపోతే? జవాబు చెప్పు!"

ఆయన వేళ్లు మడుస్తూ ఒక్కొక్కటీ చెప్పుకుపోయాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆవిడ గోడకి తల ఆనించి, "సరే, నువ్వే గెలిచావు" అంది. ఆపరేషన్ దాకా ఆయనతో ఇక పెద్దగా మాట్లాడలేదు.

ఆవిడ బతికింది. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. గొంతుకి ఆనించి మాట్లాడే యంత్రమొకటి ఇచ్చారు. ఒక్కసారి వాడి, ఆ గరగర విని బీరువాలో పడేసింది. చేతికి కాగితమిస్తే ఇంట్లోకి కావలసిన సరుకులు తప్ప మరో ముక్క రాసేది కాదు. బస్టాండులో సామాన్లు దాచే గదిలో పని ఇచ్చారు. బయట మైకులో ఎవరిదో రికార్డు గొంతు మోగుతుంటే, ఆవిడ లోపల పెట్టెలకి చీటీలు కట్టేది.

ఒకసారి బావమరిది వచ్చి, "అక్క ఇవాళ బతికుందంటే నీ చలవే బావా" అన్నాడు.

"కాదు" అన్నాడు మాస్టారు అలవాటుగా. ఆ మాట పూర్తి చేయకుండానే లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు క్లాసులో ఒకమ్మాయి వాదిస్తూ వాదిస్తూ మధ్యలో ఆగి, "ఇంకొకటుంది సార్, కొంచెం ఆగండి, గుర్తు తెచ్చుకుంటా" అంది. "టైమైపోయింది" అనబోయాడు. ఆసుపత్రి బెంచీ గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆ అమ్మాయి చెప్పిందేదీ ఆయన చెవికెక్కలేదు. క్లాసు అర్ధాంతరంగా వదిలేసి ఇంటికొచ్చాడు.

భోజనాలయ్యాక ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. "ఆ రోజు ఆసుపత్రిలో ఇంకొకటుంది అన్నావు. ఏంటది?"

ఆవిడ పెదాలు కదిపింది. ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ, ఈసారి నెమ్మదిగా కదిపింది.

"భయమా? భయంగా ఉందనా?"

తలూపింది. ఆ మాటకి ఎదురు వాదన లేదు. ఆ రోజూ లేదు.

"నాకూ భయమేసింది. అందుకే అంతలా వాగాను" అన్నాడు, తలెత్తకుండా.

ఆవిడ ఆయన వంక చాలాసేపు చూసింది. లేచి, కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. లోపల కుళాయి నీళ్ల చప్పుడు వింటూ ఆయన అక్కడే కూర్చుండిపోయాడు.