పెద్ద చుట్టం వాటా

యోసేపు జనగామలో ఒక ఇరానీ ఇంట్లో ఆరేళ్లు వంట చేశాడు. ఊరికి తిరిగొచ్చాక రెండేళ్లు ఆ వంటల కథలు చెప్పాడు. నర్మెట్ట దగ్గర అతని వాడలో ఆ కథలు విననివాళ్లు లేరు. నమ్మినవాళ్లూ లేరు.

ఇరానీ ఆయన స్టేషను ముందు చాయ్ హోటలు నడిపేవాడు. ఇంట్లో వంట మాత్రం ఆయన తల్లి ఖానమ్మది. శుక్రవారం నాడు నేలమీద పెద్ద గుడ్డ పరిచి, ఇంటివాళ్లను, స్నేహితులను, చివరికి యోసేపును కూడా దాని చుట్టూ కూర్చోబెట్టేది. అన్నం గిన్నెను పళ్లెంలో బోర్లించేది. అడుగున బంగారు రంగులో గట్టిపడిన పెచ్చు పైకి వచ్చేది. దాన్ని తహ్‌దీగ్ అంటారు. వచ్చినవాళ్లలో పెద్ద చుట్టానికి ముందుగా దాన్నే విరిచి పెట్టేది.

“అంటే మాడు,” అనేది యోసేపు భార్య రూతు.

మాడు కాదని యోసేపు వాదించేవాడు. అయితే చేసి చూపమనేది ఆమె. వాడంతా తినేది జొన్న గటుక. చేసి చూపడానికి బియ్యం లేవు కనుక యోసేపు మాటకు రెండేళ్లు ఏ ప్రమాదమూ రాలేదు.

ఆ ఎండాకాలం, దొర మీద తిరగబడ్డ సంఘం అతని గడిలో కొట్లు తెరిచి వడ్లు పంచింది. ఇక తప్పించుకునే దారి లేకపోయింది. వాడవాళ్లు వడ్లు దంచి, ఇంటికి సోలెడు చొప్పున బియ్యం తెచ్చి యోసేపు ముందు పోశారు. తండా నుంచి దేవ్యా ముంతెడు నెయ్యి తెచ్చాడు. ఊళ్లోంచి సంఘం పెద్ద పోచయ్య, నడుముకు రాళ్లు విసిరే వడిసెల చుట్టుకుని, గడిలోని రాగి గిన్నె మోసుకొచ్చాడు.

“మాడగొట్టినవనుకో, వాడంత నీ పేరు జెప్పి ఉపాసముంటది,” అన్నాడు.

యోసేపు నవ్వాడు. రెండేళ్లలో అతను చెప్పని సంగతి ఒక్కటే ఉంది. ఆరేళ్లూ అతను ఆకులు తరిగాడు, బియ్యం కడిగాడు, మంట చూశాడు. గిన్నె ఎప్పుడు దించాలో మాత్రం ఖానమ్మే చెప్పేది.

మెంతికూర, కొత్తిమీర నల్లబడేదాకా వేయించి, బొబ్బర్లు వేసి కూర ఎక్కించాడు. ఇరానీ కుటుంబం జనగామ విడిచి వెళ్లిపోయేటప్పుడు ఖానమ్మ ఇచ్చిన ఎండు నిమ్మకాయలు అందులో వేద్దామని మూట విప్పాడు. నాలుగుండాలి, మూడే ఉన్నాయి. గోళీలనుకుని ఒకటి పక్కింటి పిల్లలకు ఇచ్చానని రూతు ఒప్పుకుంది. అన్నం సగం ఉడకగానే వార్చి, గిన్నె అడుగున నెయ్యి పోసి, మళ్లీ కుప్పగా పోశాడు. మూతకు రుమాలు చుట్టాడు. తలపాగాతో ఉన్న పట్వారీని పొయ్యెక్కించినట్టుందని దేవ్యా సంబరపడ్డాడు.

కొంతసేపటికి వాసన మారింది. దించమని ఆడవాళ్లు అన్నారు. దించమని పోచయ్యా అన్నాడు. యోసేపు గిన్నెకు చెవి దగ్గరగా పెట్టాడు. లోపల చిటపటలు వినిపించాయి. ఖానమ్మ కూడా ఇలాగే చెవి పెట్టేది. ఏం వినేదో అతను ఎన్నడూ అడగలేదు. చిటపటలు పలచబడేదాకా ఆగి, దించాడు.

దుప్పటి పరిచి అందరినీ చుట్టూ కూర్చోమన్నాడు. ఈ వాడలో ఊరివాళ్లు మంచినీళ్లు కూడా తాగని రోజులు నిన్నమొన్నటివి. పోచయ్య ఒక మోకాలు దుప్పటి మీద, ఒకటి నేలమీద పెట్టుకుని కూర్చున్నాడు.

యోసేపు గిన్నె బోర్లించాడు. పెచ్చు ఒక్క ముక్కగా వచ్చింది. ఒక పక్క బొగ్గు, మిగతాదంతా బంగారం.

ముక్క విరిచి పట్టుకున్నాక, ఎవరికివ్వాలో యోసేపుకు తోచలేదు. సంఘంలో పెద్దా చిన్నా లేరని పోచయ్య చెప్పాడు. చెబుతూనే కొంచెం సర్దుకుని కూర్చున్నాడు. అందరికంటే దూరం నుంచి వచ్చింది తానే కదా అని దేవ్యా గుర్తుచేశాడు.

రూతు చేయి చాపింది.

“మా ఇంట్ల ఎప్పుడన్న కుండ అడుగు ఇంకొకలు తిన్నరా? పెండ్లయిన కాడికెల్లి నేనే తింటున్న. గట్లయితే ఈ ఇంటికి పెద్ద సుట్టాన్ని నేనే గద.”

ముందు ఆడవాళ్లు నవ్వారు. తర్వాత పోచయ్య నవ్వాడు. ఆ నవ్వులో అతని రెండో మోకాలు కూడా దుప్పటి మీదికి వచ్చింది.

యోసేపు నవ్వలేదు. ముక్కను ఆమె చేతిలో పెట్టి, ముఖం చూస్తూ నిలబడ్డాడు. రూతు కరకరా నమిలింది. తొందరపడలేదు.

“మాడే,” అంది చివరికి.

అని, రెండో ముక్కకు చేయి చాపింది.