ఆముదం పూసిన ఎద్దు

నా చిన్నప్పుడు మా అవ్వ కొండకు కూడా తలంటు పోసిందంటే ఈ కాలం పిల్లలు పకపకా నవ్వుతారు. నవ్వనీ. పలమనేరు అవతల ఉండే మా కొండ నడుమ ఒక పెద్ద బండ ముందుకు వంగి గుహలాగా ఉండేది. దాని లోపలి గోడ మీద ఎర్రటి జింకలు, విల్లు పట్టిన మనుషులు, ఒక మూల నల్లటి గీతలతో మూపురం ఉన్న ఎద్దు. ఎవరు గీశారో, ఎప్పుడు గీశారో ఎవరికీ తెలియదు. మేకలకు రోగాలు రాకుండా కాచేది ఆ ఎద్దేనని మా అవ్వ గట్టి నమ్మకం. ఏటా వానలకు ముందు వెళ్లి దాని గిట్టల దగ్గర ఒక్క చుక్క ఆముదం రాసి వచ్చేది.

ఒక ఏడు సర్కారోళ్లు ఆ కొండను గ్రానైటు తవ్వకానికి ఇచ్చేశారు. కంట్రాక్టరు మనుషులు వచ్చి బండల మీద సున్నంతో గుర్తులు పెట్టుకుని పోయారు. మా మేకలు మేసేది ఆ కొండ మీదే, ఎండాకాలం మేము నీళ్లు తెచ్చుకునేదీ ఆ కొండ ఊటలోంచే. అది పోతే ఊరు ఊరుగా మిగలదని చిన్నపిల్లనైన నాకు కూడా అర్థమైంది. అప్పుడు మా బడి అయ్యవారు ఒక దారి చెప్పారు. ఆ బొమ్మలు ఆదిమానవుల కాలానివని రుజువైతే కొండ జోలికి ఎవరూ రాలేరట. ఆయనే తిరుపతికి నాలుగైదు సార్లు తిరిగి, బండల మీది పాతకాలం బొమ్మల గురించి పరిశోధన చేసే ఒక అక్కను ఒప్పించి పిలుచుకొచ్చారు.

ఆమె వస్తుందని తెలిసిన రోజే మా అవ్వ కొంపముంచింది. పాపం, ప్రేమతోనే. అంత దూరం నుంచి చూడడానికి వచ్చేవాళ్లకు మట్టి కొట్టుకుపోయిన బొమ్మలు చూపిస్తామా అని సీకాయ, కొబ్బరిపీచు పట్టుకుని కొండెక్కింది. చేయి అందినంత మేర గోడంతా రుద్ది కడిగింది. ఆరిన తర్వాత చెంబుడు ఆముదం అరచేత్తో ఇంకేదాకా పట్టించి, కింద దీపం పెట్టింది. సాయంత్రం నేను వెళ్లి చూస్తే ఎద్దు నిగనిగలాడుతోంది. అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాను.

మర్నాడు అక్క వచ్చి దాని ముందు చతికిలపడి భూతద్దంతో అంగుళం అంగుళం పరిశీలించింది. మా ఎద్దును చూసి మురిసిపోతోందనుకున్నాను. తర్వాత నన్ను పిలిచి భూతద్దం చేతికిచ్చింది. ఎర్ర రంగు జేగురుమన్ను అంది. మన్ను ఎప్పుడూ బతికింది కాదు కాబట్టి దాని వయసు లెక్కకు అందదట. నలుపు మాత్రం కాలిన కట్టె బొగ్గు. చెట్టు బతికినన్నాళ్లూ గాలిలోంచి తీసుకున్న కార్బన్‌లో ఒక రకం, అది చచ్చాక కొంచెం కొంచెంగా తరిగిపోతుందట. ఎంత తరిగిందో కొలిస్తే చెట్టు చచ్చి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. కానీ ఆముదం కూడా చెట్టు నుంచి వచ్చిందే, అదీ నిన్నమొన్నటి చెట్టు. రెండూ కలిసిపోతే యంత్రం ఏ వయసు చెప్పినా నమ్మలేం. భూతద్దంలోంచి చూస్తే బొగ్గు రేణువుల చుట్టూ నూనె మెరుస్తూనే ఉంది.

గోరంత గీకి, వెండికాగితంలో చుట్టి తీసుకుపోయింది. ఎన్ని మందులతో కడిగి చూశారో ఏమో, నెలలు గడిచాక మళ్లీ వచ్చి, వయసు తేలలేదు, చెప్పలేనంది.

అయ్యవారు చేతులు జోడించారు. "ఏదో ఒక వయసు రాసిచ్చేయమ్మా. వేలేండ్లని రాస్తే ఎవురొచ్చి చూస్తారు? ఊరు నిలబడతాది."

"పాతవిగా కనిపిస్తున్నాయి, కాపాడాలి అని రాస్తాను సార్. తేలని వయసు తేలినట్టు రాయలేను" అందామె. ఊరంతా ఆమెకు శాపనార్థాలు పెట్టింది. నేనూ తిట్టుకున్నాను, ఒక్క అబద్ధం ఆడితే ఈమె సొమ్మేం పోయిందని.

అప్పుడు అవ్వ ముందుకొచ్చింది. "నిజం చెప్పు తల్లీ. నా ఆముదంతోనేనా ఇదంతా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ కాదని చెప్పమన్నట్టు సైగలు చేశారు. ముసలిది తట్టుకోలేదని వాళ్ల భయం. అక్క కింద కూర్చుని అవ్వ చేయి తన ఒళ్లో పెట్టుకుంది. "వయసు చెప్పలేకపోవడం నీ నూనె వల్లే అవ్వా. అది నిజం. తెలిసుంటే కొండ నిలిచేదో లేదో నాకు తెలియదు. కానీ కొండను పగలగొట్టేది నువ్వు కాదు. బొమ్మలున్నాయని తెలిసీ పర్మిషన్ ఇచ్చినవాళ్లు వేరే ఉన్నారు."

అవ్వ గుండెలవిసేలా ఏడ్చింది. నాకు ఆ అక్కను కొట్టాలన్నంత కోపం వచ్చింది.

ఆమె కాగితం రాసింది, ఎవరూ పట్టించుకోలేదు. చలికాలం రాకముందే మందుగుండు పేలింది. ఇంట్లో గిన్నెలు అదిరిపడ్డాయి. ఊట ఎండిపోయింది, మేకలను సంతకు తోలారు, సగం ఊరు రేణిగుంట ఫ్యాక్టరీల్లో కూలికి పోయింది. ఎద్దు ఉన్న బండ ఏ ఊరికి ఏ ఇంటి గచ్చుగా పోయిందో దేవుడికెరుక.

అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఎవరైనా నీ నూనెదేం లేదులే అని ఓదార్చబోతే కసురుకునేది. "ఆ పాప చెప్పింది గదా. నాది ఎంతో అంతే నాది. మిగతాది నా నెత్తిన యాల పెట్టుకోవాల?" అనేది. పస్తులున్నాం గానీ, ఆ దిగులుతో మా అవ్వ మంచం పట్టలేదు.

ఇప్పుడు బండను ముట్టుకోకుండానే రంగు దేనితో చేశారో చెప్పే యంత్రాలు వచ్చాయట, ఆవగింజంత బొగ్గుతో వయసు చెప్పేస్తారట. వచ్చి ఏం లాభం? బండ లేదు.

పోయిన ఏడు తిరుపతి ఆస్పత్రిలో మా ఆయన ఆఖరి రోజుల్లో ఉన్నాడు. "నొప్పి వచ్చినప్పుడే నీకు చెప్పుంటే బతికేవాణ్ణా?" అని అడిగాడు. లేదని చెప్పమ్మా అని పిల్లలు వెనకనుంచి నా కొంగు లాగారు. నేను మంచం మీద కూర్చుని ఆయన చేయి నా ఒళ్లో పెట్టుకున్నాను. ముందే చెప్పాల్సింది, అది నిజమే అన్నాను. చెప్పుంటే బతికేవాడివో లేదో నాకు తెలియదన్నాను. ఈ రోగం నువ్వు తెచ్చుకున్నది కాదన్నాను. ఆయన ఏడ్చాడు. మళ్లీ ఆ మాట అడగలేదు. పోయేదాకా నా చేయి మాత్రం వదల్లేదు.